ఖాళీ అట్టలు

కొత్తపేటలో, ఆస్పత్రుల సందులో
నా మందుల షాపు వెడల్పు ఆరడుగులు.
ఇరవై రెండేళ్ళుగా డాక్టర్ల గీతలు చదువుతున్నాను,
మనుషుల ముఖాలు మాత్రం
చిల్లర ఇచ్చేటప్పుడే చూస్తాను.

మస్తాన్‌బీ నెలకోసారి వస్తుంది.
కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తుంచే పని.
ఆమె ఇచ్చిన నోటుకీ ఘాటే,
రెండుసార్లు తుమ్మి గానీ లెక్కపెట్టలేను.
ఐదేళ్ళ కింద ఆమె నెత్తుట్లో
తెల్లకణాలు లెక్క తప్పాయి.
అప్పట్నుంచీ రోజుకో ఇమాటినిబ్,
అన్నం తిన్నాక, నిండు గ్లాసు నీళ్ళతో.
జబ్బు పోలేదు. ముడుచుకు పడుకుంది.

పోయిన చలికాలం కుడి చెంపలోకి మెరుపు దిగింది.
పన్ననుకుని ఒకటి పీకించింది. ఇంకోటీ పీకించింది.
మెరుపు నరంలో ఉంది.
గాలి తగిలితే చాలు,
ముక్కుపుడక కదిలితే చాలు.
మనవరాలు ముద్దు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టేది.
అరండల్‌పేటలో ఇంకో డాక్టరు
కార్బమజెపిన్ రాశాడు.
ఇంకేం వాడుతున్నావని అడిగాడట,
"బలానికి బిళ్ళ" అందట ఈమె.
అంతమంది కూర్చున్న గదిలో
ఆ జబ్బు పేరు ఎలా అంటుంది?

పదిహేను రోజుల్లో మెరుపు ఆగింది.
ఆ నెల నాకు స్టీలు డబ్బాలో
సేమ్యా పాయసం తెచ్చింది.

ఆరు నెలలకు రక్తం రిపోర్టు.
సున్నా పాయింట్ సున్నా ఆరు ఉండే చోట
నాలుగున్నర.
డాక్టరమ్మ కళ్ళద్దాల పైనుంచి చూసి
"మాత్రలు మానేశావా?" అందట.

ఆ సాయంత్రం కౌంటరు మీద
మిరపకాయల శాంపిల్ సంచి బోర్లించింది.
అట్టలు. అన్నీ ఖాళీ అట్టలు.
ప్రతి గుంటా పగిలి ఉంది.
"ఒక్కటి మానితే చూపించు భయ్యా.
నీ దగ్గర కొన్నానని కాయితం రాసివ్వు,
ఆమె ముందు పెడతా."

సాక్ష్యం చెబుదామనే రిజిస్టరు తీశాను.
వేలు పెట్టి దిగుతూ వచ్చాను.
నవంబర్ పద్నాలుగు.
ఇమాటినిబ్, ముప్పై.
దాని కిందే కార్బమజెపిన్, అరవై.
రెండు వరుసలూ నా చేతి రాతే.
ఒకే నీలం ఇంకు.

ఎలా చెప్పను?
యార్డు భాషలో చెప్పాను.
కాలేయం అని లోపలొక యార్డుంది, బీ.
నీ పాత బిళ్ళ దిగాక
పదిమంది హమాలీలు నిదానంగా ఎత్తేవాళ్ళు,
ఆలోపు దాని పని అది చేసుకునేది.
నొప్పి బిళ్ళ చెడ్డదని కాదు,
కానీ వస్తూ వస్తూ వందమంది హమాలీల్ని కేకేసింది.
ఇప్పుడు సరుకు కాటా ఎక్కకముందే
గేటు దాటిపోతోంది.
నువ్వు మింగావు.
మింగింది నీలో నిలవలేదు.

చాలాసేపు అట్టల్ని సంచిలోకి ఎత్తుకుంది.
"అంటే నేను మానలేదనేది నిజమే కదా" అంది.
నేను కాచుకున్న తిట్టు రాలేదు.
ఇప్పటికీ రాలేదు.

డాక్టరమ్మకు ఫోన్లో చెప్పాను.
అవతల పేజీలు తిప్పిన చప్పుడు.
ఆ రాత్రి ఇద్దరు డాక్టర్లూ
మొదటిసారి మాట్లాడుకున్నారట.
ఒకటి మెల్లగా దించారు,
గాబాపెంటిన్ మెల్లగా ఎక్కిస్తున్నారు.
హమాలీలు ఇళ్ళకు పోవడానికి వారాలు పడుతుంది.
మళ్ళీ రక్తపరీక్ష ఆగస్టులో.
మెరుపు మాత్రం సగం తిరిగొచ్చింది.

ఇవాళ వచ్చింది, కొంగు చెంపకు అదిమి.
దగ్గుకు ఎవరో రాసిన చీటీ ఇచ్చి
"ఇది ఆ రెండిటితో పడుద్దా?"
ఇరవై రెండేళ్ళ అలవాటు,
"ఏం కాదులే" నాలిక చివరిదాకా వచ్చింది.
"కూర్చో, అడిగి చెబుతా" అన్నాను.
స్టూలు జరిపాను.
వెనక నలుగురు
కౌంటరు అద్దం మీద నాణేలతో కొడుతున్నారు.
ఒకటే ఉక్క.
లేచి, ఫ్యాను ఆపాను.